గోడమ్మ

పదకొండు, పన్నెండు, పదమూడు.

పదమూడో అడుగు దగ్గర పాండురంగారావు ఆగాడు. చీపురు చంకలో పెట్టుకుని కుడి మడమతో నేలను గట్టిగా తొక్కి చూశాడు. మన్ను కుంగలేదు. రాత్రి ఎవరూ తవ్వలేదు. అడుగున్నర లోతున గోడ ఉన్నచోటే ఉంది. మళ్లీ కదిలాడు. పద్నాలుగు, పదిహేను.

మొత్తం నలభై రెండు అడుగులు. బురుజు దగ్గర మొదలై గోడమ్మ గుడి దగ్గర ముగుస్తాయి. ఇరవై ఆరేళ్లుగా ఈ నడక పూర్తయితేనే అతను పొద్దుటి టీ తాగేది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొడుగ్గా, ఎండిన జనపకట్టెలా ఉంటాడు. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వెలిసి తెల్లబడింది. మడమలు బీటలు వారాయి. కుడి చూపుడువేలు చివర వంకర తిరిగి ఉంటుంది. తవ్వకాలప్పుడు మేకు మీద పడాల్సిన సుత్తి దాని మీద పడింది. పురావస్తు శాఖ కాగితాల్లో అతను రోజువారీ వాచ్‌మన్. ఊళ్లో కోట పాండురంగం.

కైకలూరు నుంచి చేపల చెరువుల గట్ల మీదుగా వస్తే కోటవానిలంక. ఊరి చివర పన్నెండెకరాల దిబ్బ. ఎవరో రాజుది, ఎప్పటిదో కోట. రాజు పోయాడు, కోట పోయింది, కొల్లేరు నీళ్లు కూడా చెరువుల గట్ల వెనక్కి పోయాయి. మిగిలింది నడుమెత్తు బురుజు మొండెం, తుప్పు పట్టిన బోర్డు, భూమిలో ఆరడుగుల మందాన ఒక గోడ.

ఆ ఉదయం మంచు ఇంకా విడవలేదు. చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు దిబ్బ మీదికి వినిపిస్తోంది. గణపవరం వైపు నుంచి మోటారు సైకిల్ మీద ఒక కొత్త జంట వచ్చింది. ఆటపాక పక్షుల్ని చూడ్డానికి పోతూ, ఫోన్‌లో కోట అని కనబడితే ఇటు తిప్పారట. కుర్రాడు దిబ్బ ఎక్కి నాలుగు పక్కలా చూశాడు.

"కోట ఎక్కడండీ?"

"మీరు నిలబడిందేనండి."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాండురంగారావుకు కోపం రాలేదు. ఏడాదికి రెండు మూడొందల మంది ఇదే అడుగుతారు, ఇదే జవాబు వింటారు. సంతకాల పుస్తకం చాపాడు. 'చూడ్డానికి ఏమీ లేదు' అని రాసి కుర్రాడు బండి ఎక్కాడు. పేజీ నిండా అవే మాటలు, రకరకాల చేతిరాతల్లో.

అప్పుడే ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. శాఖ అధికారి సుప్రియ.

ఆమె చెప్పింది క్లుప్తంగా చెప్పింది. పదీ నలభైకి గోడమ్మ కొత్త గుడికి శంకుస్థాపన. ఆపడానికి ఒక్కటే దారి మిగిలింది. శాఖ తవ్వకాలు జరిపినప్పుడు అక్కడ ఏ గుడీ, ఏ పూజా లేవని చూసినవాళ్లెవరైనా వాంగ్మూలం ఇవ్వాలి. అది చేతికి వస్తే తహసీల్దారు పని ఆపేస్తానన్నారు. వీఆర్వోను పంపిస్తున్నారు.

"అప్పటి కూలీల్లో మిగిలింది మీరొక్కరే పాండురంగారావు గారూ. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు."

"అలాగేనండి మేడమ్ గారూ" అన్నాడు.

ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇరవై ఆరేళ్లలో కట్టుకున్న భార్యకు కూడా చెప్పని సంగతి అది.

గుడి లేదని ఒక్క మాట అంటే, వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. మరి ఎవరు పెట్టారు?

*

అనంతపద్మనాభం గారని పాత అధికారి ఒకాయన ఉండేవారు. తవ్వకాలు ఆయన చేతి మీదుగానే జరిగాయి. పాండురంగారావు టేపు రెండో చివర పట్టుకునేవాడు. ఆ గోడ మట్టిలోంచి బయటపడిన రోజు ఆయన చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా అంచుతో ఇటుకలు తుడిచారు. అధికారి అలా కూర్చోవడం పాండురంగారావు ఎన్నడూ చూడలేదు. సీజను అయిపోయాక గోడ పాడవకుండా ఇసుక పరిచి మన్ను కప్పించారు. వెళ్లే ముందు ఈ గోడ నీది అన్నారు. పెద్దాయన మాటవరసకి అన్నారేమో. పాండురంగారావు మాత్రం అక్షరాలా పట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఇటుకలు పోవడం మొదలైంది. చివర్లో కప్పడానికి మన్ను చాలక నాలుగు గజాల మేర గోడ పైకే కనిపిస్తుండేది. మూరెడు పొడుగు ఇటుకలు. పశువుల పాకకు పది, గుమ్మం మెట్టుకు నాలుగు, కోళ్లగూటికి ఆరు. అడిగితే, మట్టిలో పడున్నదేగా బాబాయ్ అనేవారు. ఒక్కడు ఎంతమందిని ఆపగలడు?

ఒక తెల్లవారుజామున భార్య నరసమ్మ నిద్ర లేవకముందే వంటింట్లోంచి పసుపు పొట్లం కట్టుకుని దిబ్బ మీదికి వచ్చాడు. మూడు ఇటుకలు నిలబెట్టాడు. పసుపు పూశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు, రెండు వేపరెమ్మలు గుచ్చాడు. తెల్లారాక గేదెల్ని తోలుకొచ్చినవాడు ఆగి, ఏ అమ్మోరు బాబాయ్ అని అడిగాడు. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. గోడ చూస్తున్నాడు గనక నోట గోడే వచ్చింది.

"గోడమ్మ" అన్నాడు.

మర్నాటి నుంచి ఒక్క ఇటుక పోలేదు. గేదె చచ్చిపోయిన ఒక రైతు, తీసుకెళ్లిన పదకొండు ఇటుకలూ తట్టలో పెట్టుకుని వచ్చి చెంపలు వేసుకున్నాడు. పాండురంగారావు ఆ రోజు బురుజు వెనక కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎక్కువ కాలం మిగల్లేదు. మూడో ఏడు రేకుల పందిరి వచ్చింది. తర్వాత గంట, తర్వాత ఆషాఢంలో బోనాల కుండలు, కోళ్లు, మైకు. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నరసమ్మ కడుపు పండింది. గోడమ్మకు మొక్కానండి, అంది. పుట్టిన పిల్లకు నాగదుర్గ అని పేరు పెట్టి, నడక వచ్చేదాకా ప్రతి శుక్రవారం ఆ ఇటుకల ముందు కూర్చోబెట్టింది. అతను చెప్పలేకపోయాడు. పిల్ల పెద్దదై తాడేపల్లిగూడెంలో టీచరయింది. అప్పటికీ చెప్పలేకపోయాడు.

ఇప్పుడు సిమెంటు గుడి కడతామంటున్నారు. ఎనిమిది స్తంభాలు, ఎనిమిది గుంటలు, ఒక్కోటి ఆరడుగుల లోతు. అన్నీ సరిగ్గా గోడ మీద. కాస్త పక్కకి జరపమని కమిటీ పెద్ద నాగేశ్వరరావును నాలుగుసార్లు బతిమాలాడు. ఆయన చెరువుల ఆసామి, మర్యాదస్తుడు. ప్రతిసారీ కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, అమ్మవారు వెలిసిన చోటు మార్చడానికి మనమెవరమండీ అని సాగనంపాడు.

*

పదింటికి దిబ్బ కింద జీపు ఆగింది. సుప్రియ, వెనక వీఆర్వో కిరణ్ కుమార్ దిగారు. పాండురంగారావు ఎదురెళ్లి వాళ్లతో పాటు పైకి ఎక్కాడు. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. దవడ కింద ఏదో పట్టేసినట్టుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, గ్యాస్ అనుకున్నాడు.

ఊరంతా అక్కడే ఉంది. పొక్లెయిన్ బకెట్‌కు మామిడాకులు కట్టారు. దాన్ని నడిపే యోబు సీట్లో కూర్చుని బీడీ వెలిగించబోయి, పూజ చూసి మానేశాడు. నరసమ్మ ఆడవాళ్ల ముందు వరసలో ఉంది. చంకలో పసుపు నీళ్ల బిందె, ఒంటి మీద కూతురు కొనిచ్చిన గంధం రంగు చీర.

నాగేశ్వరరావు అధికారులకు నమస్కారం పెట్టాడు. గొడవేమీ లేదండి, మా పాండురంగారావు గారు ఏం చెబితే అది రాసుకోండి, ఆయన ఊరి మనిషే అన్నాడు. అంత నమ్మకంగా అన్నాడు గనకనే పాండురంగారావు చూపు తిప్పుకున్నాడు.

కిరణ్ కుమార్ కాగితం అట్ట మీద పెట్టుకుని అడిగాడు. తవ్వకాల నాటికి ఇక్కడ గుడి ఉందా?

"లేదండి."

"మరి ఎప్పుడు వెలిసిందండి?"

పాండురంగారావు భార్య వైపు చూడలేదు. బకెట్‌కు కట్టిన మామిడాకుల వైపు చూస్తూ చెప్పాడు.

"వెలవలేదండి. నేనే పెట్టాను. ఇటుకలు ఎత్తుకుపోతున్నారని, భయం కోసం పసుపు పూశాను. ఇక్కడ అమ్మోరు లేదండి."

మైకు దగ్గరున్నవాడు పాట ఆపేశాడు. ఎవరైనా కొడతారేమో అనుకున్నాడు పాండురంగారావు. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

ముందు వరసలోంచి రత్నమాణిక్యం లేచింది. ఎనభై దాటిన మనిషి. కర్ర పొడుచుకుంటూ అతని దగ్గరికొచ్చి ముఖంలోకి చూసి, పళ్లు లేని నోటితో నవ్వింది.

"పిచ్చినాయనా, నువ్వు పెట్టావా? ఊళ్లో ఇంతమంది ఉండగా తెల్లారుజామున నిన్నే ఎవరు లేపారంట? ఆ పేరు నీ నోట్లో ఎవరు వేశారంట? నీ చేత పెట్టించుకుందిరా ఆ తల్లి."

ముసలమ్మ అతని పాదాల వైపు వంగింది. అతను వెనక్కి జరిగాడు. ఆవిడ వెనక ఇంకొకరు వంగారు. తర్వాత ఇంకొకరు. ఇన్నాళ్లూ నోరు విప్పలేదు చూశారా అంటున్నారెవరో. నాగేశ్వరరావు కళ్లు తుడుచుకున్నాడు.

కిరణ్ కుమార్ రాసిన వాక్యం సుప్రియకు చూపించాడు. ఆమె చదివి కళ్లు మూసుకుంది. శాఖ వాచ్‌మనే స్వయంగా విగ్రహం నెలకొల్పినట్టు ఒప్పుకొనియున్నాడు. ఇక అభ్యంతరం పెట్టడానికి శాఖకు నోరు లేదు.

ఈ మాట నాకు పొద్దున్నే చెప్పాల్సింది అని మాత్రం అంది. ఆ గొంతులో తిట్టు లేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

ముహూర్తానికి ఇంకా ఎనిమిది నిమిషాలు. నాగేశ్వరరావు బంతిపూలు చుట్టిన గునపం తెచ్చి రెండు చేతులతో అందించాడు. అమ్మవారు ఎంచుకున్న మనిషి మీరు, తొలి పోటు మీదే కావాలి అన్నాడు. కాదనే వీలు ఎక్కడా లేదు. గునపం చేతికి వచ్చింది. ముప్పై తొమ్మిదో అడుగు మీద నిలబడి ఉన్నాడు. కిందున్న ఇటుకల వరసలు అతనికి కనిపిస్తున్నాయి. మీద అడ్డం ఒకటి, నిలువు రెండు, మళ్లీ అడ్డం.

నరసమ్మ బిందెతో వచ్చింది. ఆచారం ప్రకారం గునపం మీద పసుపు నీళ్లు పోయాలి. పోస్తూ, తల ఎత్తకుండా, అతనికి మాత్రమే వినబడేలా మాట్లాడింది.

"పసుపు మనింటిదని నాకు ఆ రోజే తెలుసండి."

అతను గునపం మీంచి చూపు ఎత్తాడు.

"డబ్బాలో సగానికి తగ్గితే ఆడదానికి తెలీదేంటండి? మీ గోళ్లల్లో నాలుగు రోజులు పోలేదు."

"మరి... మొక్కావు కదే."

"ఎవరు పెడితే ఏంటండి. పెట్టాక అమ్మోరే."

నీళ్లు గునపం మొనమీంచి జారి మట్టిలో ఇంకాయి. ఆమె వెళ్లి తన చోట నిలబడింది.

పెట్టాక అమ్మోరే. ఆ మాట అతనిలో ఒకసారి తిరిగి, ఎక్కడో టక్కుమని కూర్చుంది. ఎక్కడ పెడితే అక్కడే కదా మరి.

గునపం ఎత్తాడు. పోటు వేయలేదు. గునపం భుజాన వేసుకుని తూర్పు వైపు నడక మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. జనం చీలి దారి ఇచ్చారు. తూర్పున గోడ లేదు. అనంతపద్మనాభం గారు అటు మంచమంత గుంట ఒకటి తవ్వించి చూశారు. ఆరడుగుల దాకా ఉత్త మన్ను. ఇటు ఏమీ లేదు, రాసుకో అన్నారు. రాసుకున్నది అతనే. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

ఆగాడు. వెనక్కి తిరిగితే ఊరంతా అతని వెంటే ఉంది.

"అక్కడ తవ్వొద్దంటోందండి" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా ఉంది. "ఇక్కడికి వస్తానంటోంది."

నాగేశ్వరరావు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కర్పూరం ఇటు తెమ్మని కేక వేశాడు. మూడు ఇటుకలనూ పళ్లెంలో పెట్టుకుని మేళంతో తెచ్చారు. పాండురంగారావు గునపం దించాడు. మెత్తటి మన్నులో మూరెడు దిగింది. అందరూ చేతులు జోడించారు. నరసమ్మ కూడా జోడించింది. ఆమె కళ్లు ఇటుకల మీద లేవు, అతని మీద ఉన్నాయి. ఆ చూపులో నవ్వు ఉందో, ఇంకేముందో అతనికి అంతుపట్టలేదు. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆమె తనకంటే ముందు నడుస్తోందని మొదటిసారి తెలిసింది.

ఒక్కసారి అబద్ధం చెప్పి ఇరవై ఆరేళ్లు కుమిలాడు. ఇవాళ నిజం చెప్పిన పావుగంటకే మళ్లీ అబద్ధం చెప్పాడు. ఇక దీన్ని విప్పేవాళ్లు ఉండరు.

సుప్రియ వెళ్లబోతూ ఆగి, ముప్పై అడుగులేనా అని అడిగింది. ముప్పైయేనండి, మేడమ్ గారూ, తప్పు రాదు అన్నాడు. ఆమె నోటుబుక్కులో ఏదో రాసుకుంది. జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి అతనికి చేత్తో నమస్కారం పెట్టింది. అధికారులు అతనికి నమస్కారం పెట్టడం అదే మొదలు.

*

భోజనాల తర్వాత యోబు పొక్లెయిన్ మొదలుపెట్టాడు. జనం నీడలకు చేరారు. పాండురంగారావుకు పులిహోర ఆకులో పెట్టి ఇచ్చారు గాని రెండు ముద్దలు దిగలేదు. చేయి కడుక్కుని, బురుజు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పాత గోడ ఉన్న వైపు తిరిగి కూర్చున్నాడు. అక్కడ ఇప్పుడు రేకుల పందిరి ఖాళీగా ఉంది. మన్ను మీద పసుపు మరక ఒకటి. రేపు రెండు వానలు పడితే అదీ పోతుంది.

నరసమ్మ సోడా తెచ్చి ఇచ్చింది. గ్యాస్ తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాడు. ఏదో చెప్పాలనుకున్నాడు. ఎనిమిదేళ్లు, ఇరవై ఆరేళ్లు, ఆ పసుపు డబ్బా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"సాయంత్రం ఇంటికెళ్లాక మాట్లాడుకుందామే" అన్నాడు.

"అలాగే లెండి" అంది ఆమె. ఖాళీ బిందె తీసుకుని ఆడవాళ్లతో దిబ్బ దిగింది. గంధం రంగు చీర చెరువుగట్టు మలుపు తిరిగేదాకా అతను చూస్తూనే ఉన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. ఎండ తల మీంచి జారింది. ఏరేటర్ల చప్పుడు దూరమై, దగ్గరై, మళ్లీ దూరమైంది.

మూడున్నరకు నాలుగో గుంటలో బకెట్ కర్రుమంది.

యోబు చెరువులు తవ్వినవాడు. రాయి చప్పుడు, మొద్దు చప్పుడు అతనికి తెలుసు. ఇది రెండూ కాదు. ఇంజను తగ్గించి గుంటలోకి దిగాడు. ఆరడుగుల అడుగున, తడి మన్ను కింద, ఇటుకల వరస. చేత్తో తోశాడు. పక్కన ఇంకో వరస. పాత గోడకన్నా వెడల్పు. గుంట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పట్టేసి, మట్టిలోకి ఇంకా పోతోంది. బకెట్ పళ్లు దాన్ని మధ్యలో చీల్చాయి.

అప్పట్లో అనంతపద్మనాభం గారు తవ్వించిన మంచమంత గుంటకు జానెడు పక్కన ఉండిపోయింది.

యోబుకు కోటల సంగతి తెలియదు. ఇటుకల సంగతి ఊళ్లో ఒక్కరికే తెలుసు. విరక్కుండా ఊడొచ్చిన ఒక ఇటుకను రెండు చేతులతో ఎత్తుకుని గుంట ఎక్కాడు. బురుజు దాకా వెళ్లాడు.

"బాబాయ్ గారూ, లేవండి. ఇదేంటో చూడండి. అక్కడ ఇంకా బోలెడున్నాయి. తవ్వమంటారా, ఆపమంటారా?"

పాండురంగారావు గడ్డం గుండెలకు ఆని ఉంది. ఒడిలో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. సోడా సీసా సగం అలాగే ఉంది. యోబు రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవలేదు. ఇటుకను నేల మీద పెట్టి, టోపీ తీసి, కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లి ఇంజను తాళం తీసేశాడు.

దిబ్బ మీద చప్పుడు ఆగడం వల్లనే ఊళ్లో వాళ్లకు ఏదో జరిగిందని తెలిసింది. నాగేశ్వరరావు పరుగున వచ్చాడు. నాడి చూశారు, ముఖాన నీళ్లు కొట్టారు. ఎవరో నరసమ్మకు కబురు పెట్టారు. ఆమె చీర మార్చుకోకుండానే వచ్చింది. ఏడవలేదు. అతని కుడి చేయి తీసుకుని, వంకర తిరిగిన వేలు దగ్గర ఆపి, గోళ్ల వైపు చూస్తూ కూర్చుంది. గునపానికి అంటిన పసుపు వాటిలో ఇంకా ఉంది.

చావు పడింది గనక మైల. పదకొండు రోజులు పని ఆపుదాం, తర్వాత శుద్ధి చేసి మొదలుపెడదాం అన్నారు పెద్దలు. గుంటలో ఏముందని ఎవరూ అడగలేదు. యోబు చెప్పబోయాడు. వినడానికి అప్పుడెవరికీ తీరిక లేదు. నలుగురూ పాండురంగారావును మోసుకుని దిబ్బ దిగారు. వెనక నరసమ్మ, ఆమె వెనక ఊరు.

అందరూ వెళ్లాక యోబు నేల మీది ఇటుకను తీసి, ఎవరైనా తొక్కుతారని, ఖాళీ కుర్చీలో పెట్టి వెళ్లాడు. మూరెడు పొడుగు ఇటుక. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో కూలీ దాని మీద మూడు వేళ్లతో అడ్డంగా గీసిన గీతలు, సాయంత్రపు ఎండకు అంచుల నుంచి ఆరుతూ, మధ్యలో ఇంకా తడిగా ఉన్నాయి.